మార్మిత్ అంటే వంటపాత్రేనా?

ప్రశ్న: మేడమ్, హైదరాబాద్‌లో ఎం.ఏ. ఫ్రెంచ్ మొదటి ఏడాది చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో యుద్ధ నవలల పేపర్ ఉంది. ఆన్రీ బార్బ్యూస్ ‘లె ఫ్యూ’ మొదలుపెట్టి నెలైంది, అరవై పేజీలు దాటలేదు. ప్రతి లైనుకీ డిక్షనరీ తియ్యాలి, తీసినా అర్థం కాదు. సిపాయిల మీద వంటపాత్రలు పడుతున్నాయని ఉంటుంది! ఇంగ్లిష్ అనువాదం చదివేసి పరీక్ష రాసేస్తే తప్పా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని

జవాబు: ముందు ఆ వంటపాత్ర సంగతి చూద్దామమ్మా. మార్మిత్ అంటే వంటపాత్రే, కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) కందకాల్లో ఉన్నవాళ్లకి అది జర్మన్ల పెద్ద ఫిరంగి గుండు. అలాగే బ్వాయో అంటే పేగు, వాళ్ల వాడుకలో వెనక నుంచి ముందు కందకానికి వెళ్లే ఇరుకు దారి. కఫార్ అంటే బొద్దింక, వాళ్లకది మనసుని తినేసే దిగులు. తలదాచుకునే గుంతని కాన్యా అంటారు, అది వియత్నాం నుంచి వచ్చిన మాట. అలాంటి గుంతకే ఇంకో మాట గుర్బీ, అది అల్జీరియా అరబ్బీ నుంచి వచ్చింది. అంటే ఫ్రాన్స్ తన వలసల్లో ఏరుకున్న మాటలు కూడా ఆ బురదలోనే ఉన్నాయి. మిమ్మల్ని ఆపేస్తున్న ఈ మాటలే అసలు మీ పేపర్. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, మాట పక్కన అది ఏ సిపాయి నోట ఎప్పుడు వచ్చిందో రాసుకోండి.

బార్బ్యూస్ నలభై ఏళ్లు దాటాక తనంతట తానే సైన్యంలో చేరాడు. యుద్ధం ఇంకా నడుస్తుండగానే 1916లో ఈ నవల వచ్చింది, ఆ ఏడాదే ఫ్రాన్స్‌లో పెద్ద సాహిత్య బహుమతి గోంకూర్ కూడా. అందులో 13వ అధ్యాయం చిన్నది, ఈ రాత్రే చదవండి. పేరే ‘బూతు మాటలు’. రాసుకుంటున్న కథకుడి దగ్గరికి బార్క్ అనే సిపాయి వచ్చి, నీ పుస్తకంలో మేం మాట్లాడేది మాట్లాడినట్టే పెడతావా, మర్యాదగా సర్దేస్తావా అని అడుగుతాడు, ఉన్నదున్నట్టే పెడతానని ఇతను మాటిస్తాడు. అందుకే అనువాదం ఒక్కటే చదివితే సరిపోదంటాను, ఆ మాట నిలబెట్టుకున్నాడో లేదో అందులో కనిపించదు. కథ ఎటు పోతోందో తెలియనప్పుడు అనువాదం తీసి చూసుకోండి, తప్పేం లేదు.

ఇంకో మాట. ‘లె ఫ్యూ’ని ఒక పదిహేను రోజులు పక్కన పెట్టి, దావిద్ దియోప్ 2018లో రాసిన ‘ఫ్రేర్ దామ్’ చదవండి. అదే యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడిన సెనెగల్ సిపాయి అల్ఫా కథ అది. కడుపు చీలిపోయిన ప్రాణస్నేహితుడు నన్ను చంపెయ్యి అని మూడుసార్లు బతిమాలతాడు, అల్ఫా మూడుసార్లూ చంపలేకపోతాడు, ఆ తర్వాత అతని మనసు ఏమైపోయిందన్నదే నవలంతా. అల్ఫాకి ఫ్రెంచ్ రాదు, అయినా మనం చదివేది ఫ్రెంచే, ‘దేవుడి మీద నిజం’ లాంటి ఒట్టు మళ్లీ మళ్లీ వస్తుంది, వాక్యాలు సులువు. పైకి చదవండి, లోపల కాదు. నాకైతే ఆ మొదటి పేజీలు చదివాక కాసేపు పుస్తకం మూసేయాల్సి వచ్చింది.

తర్వాత వీలైతే జాఁ ఎష్‌నోజ్ ‘14’ (2012), నూట ఇరవై పేజీలకి అటూ ఇటూ. ఆగస్టు మధ్యాహ్నం సైకిల్ మీద వెళ్తున్న కుర్రాడు దూరాన చర్చి గోపురంలో ఏదో మెరిసి ఆరడం చూస్తాడు, గాలి హోరులో ఏమీ వినిపించదు, కాసేపటికి తెలుస్తుంది అవి గంటలని, యుద్ధానికి పిలుస్తున్నాయని. అది చదివాక, అప్పుడు బార్బ్యూస్ అరవయ్యో పేజీకి తిరిగి వెళ్లండి.