ఎవరు ఎక్కాలి, ఎంత దూరం పోవాలి

హనుమకొండ

ప్రియమైన తమ్ముడికి,

రేపటి మానవసహిత వ్యోమనౌకలు ఎలా ఉండాలన్న విషయం మీద నువ్వు రాసి పంపిన నలభై పేజీలు నాకు చేరి పదిహేను రోజులవుతున్నది. వాటిని రెండుసార్లు చదివాను, మొదటిసారి మామూలు పాఠకుడిలాగా, రెండోసారి పెన్సిలు చేతపట్టుకొని. మన భాషలో అంతరిక్షం గురించి వచ్చేదంతా చాలావరకు ప్రయోగం జరిగిన నాటి వార్త, మర్నాటి సంపాదకీయం. నౌక రూపం మీద నిలబడి, ఇది ఇట్లా ఎందుకుండాలి, అట్లా ఎందుకుండకూడదు అని వాదించే రచన అరుదు. నువ్వు ఆ పనికి పూనుకున్నావు కాబట్టే నాలుగు మెచ్చుకోలు మాటలు రాసి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

నీ వ్యాసం మొదటి పేజీలోనే రెక్కలున్న నౌక మేలా, గంట ఆకారపు క్యాప్సూల్ మేలా అన్న తగవుతో మొదలైంది. పన్నెండు పేజీల పాటు ఆ తగవును ఉత్సాహంగా నడిపించావు. కానీ ఆ నౌక ఎక్కడికి పోవాలి, అందులో ఎందరు కూర్చోవాలి, ఎన్ని రోజులుండాలి అన్న మాట పదమూడో పేజీ దాకా రాలేదు. నా అసలు అభ్యంతరం ఇదే.

మాది పరకాల పక్క పల్లె. నాకు ఎనిమిదేళ్లప్పుడు కొత్త బండి చేయించడానికి మా బాపు నన్ను వెంటబెట్టుకొని వడ్లాయన దగ్గరికి పోయాడు. ఆయన బాడిశ పక్కన పెట్టి, కలప సంగతీ ధర సంగతీ ఎత్తకుండా, "ఎరువు తోలేదానికా, మనుషులు పోయేదానికా?" అని అడిగాడు. ఎరువు బండికి మందపు చక్రాలు, బలమైన ఇరుసు కావాలి. ఇంటిల్లిపాది ఎక్కి మేడారం జాతరకు పోయే కచ్చురానికి తేలికైన చక్రాలు, పైన గూడు కావాలి. బాపు రెండు పనులకూ ఒకటే బండి కావాలన్నాడు. వడ్లాయన కొంతసేపు ఊరుకొని, "రెంటికీ అక్కరకొచ్చేటట్టు చేస్తే ఎడ్ల పాణం పోతది, పటేలా" అన్నాడు.

నువ్వు నాలుగు పేజీలు పొగిడిన అమెరికా స్పేస్ షటిల్ అట్లా రెంటికీ అక్కరకు రావాలని చేసిన బండి. 1972 జనవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ దానికి ఆమోదం తెలిపినప్పుడు మనుషులను మోయడం, ఉపగ్రహాలను మోయడం, సైన్యం పనులు చేయడం అన్నీ ఒకే నౌక మీద పెట్టారు. సరుకు పెట్టే అర పొడవు 18 మీటర్లు. ధ్రువాల మీదుగా ఒక్క చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చి దిగాలన్నది సైన్యం అడిగిన పనుల్లో ఒకటి. నౌక ఒక చుట్టు తిరిగే లోపల భూమి కూడా తిరుగుతుంది కాబట్టి, దిగేటప్పుడు దారికి పక్కగా దాదాపు 2,000 కిలోమీటర్లు జరిగి రావలసి ఉంటుంది. ఆ పెద్ద త్రికోణపు రెక్కలకు ముఖ్యమైన కారణం ఇది. ఆ ప్రయాణానికని కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్‌లో ప్రయోగ వేదిక కూడా సిద్ధం చేశారు. 1981 నుంచి 2011 దాకా షటిల్ 135 సార్లు ఎగిరింది, వాండెన్‌బర్గ్ నుంచి మాత్రం ఒక్కసారి కూడా ఎగరలేదు. జరగని ప్రయాణం కోసం పెంచిన రెక్కలను జరిగిన ప్రతి ప్రయాణమూ మోసుకుపోయింది. నీ వ్యాసంలో ఆ రెక్కల అందం ఉంది, వాటిని అడిగిందెవరన్న ప్రశ్న లేదు. నౌకలో నీకు నచ్చిన ప్రతి భాగం దగ్గరా ఆగి, ఇది ఎవరు కోరితే వచ్చింది, ఆ కోరిక ఇప్పటికీ ఉందా అని విచారించడం అలవాటు చేసుకో.

ఈ అలవాటు నాకు ఆలస్యంగా వచ్చింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అనే షటిల్ ముక్కలై కల్పనా చావ్లా సహా ఏడుగురు చనిపోయినప్పుడు, ఆ వారంలోనే నేనొక పెద్ద వ్యాసం రాశాను. నిండా దుఃఖం, నిండా విశేషణాలు. కొద్ది రోజులకు ఒక బడిపంతులు దగ్గర నుంచి పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, పైనుంచి ఊడిన నురుగు ముక్క రెక్కకు తగిలిందని పేపర్లలో చదివినం. పైనుంచి ఊడిపడే చోట రెక్క ఎందుకున్నది?" అని రెండే వాక్యాలు. నా వ్యాసంలో దానికి జవాబు లేదు. కక్ష్యకు పోయే షటిల్ నౌక ఇంధన ట్యాంకు మీద ఉండదు, దాని పక్కన కట్టి ఉంటుంది. నింగికెగిసిన 82 సెకన్లకు ట్యాంకు మీది గట్టి నురుగు పూత ముక్క ఊడి ఎడమ రెక్క అంచును తాకింది. పదహారు రోజుల తరువాత తిరిగి వస్తున్నప్పుడు అక్కడి నుంచి వేడి లోపలికి చొరబడింది. ఇప్పుడు అమెరికా నౌకలు ఓరియన్, డ్రాగన్, స్టార్‌లైనర్, మన గగన్‌యాన్ అన్నీ రాకెట్ కొనకు ఎక్కి కూర్చున్నాయంటే దాని వెనుక ఆ పంతులు అడిగిన ప్రశ్న ఉంది. కొన మీద ఉన్నదాని పైకి ఊడిపడేది ఏమీ ఉండదు, కింద మంటలు లేస్తే దాన్ని విడదీసి లాక్కుపోవడానికీ వీలుంటుంది.

ఆ లాక్కుపోయే ఏర్పాటును నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఒక పేజీ రాయవలసింది. 1983 సెప్టెంబర్ 26 రాత్రి సోవియట్ ప్రయోగ కేంద్రం బైకొనూర్‌లో ప్రయోగానికి ఇంకా నిమిషంన్నర ఉందనగా సోయజ్ రాకెట్ అడుగున మంటలు లేచాయి. తప్పించే రాకెట్లు వెలిగి ఇద్దరు వ్యోమగాములున్న క్యాప్సూల్‌ను పైకి లాక్కుపోయిన కొన్ని క్షణాలకే కింద రాకెట్ పేలిపోయింది. వాళ్లు సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ప్రాణాలతో దిగారు. వాళ్లలో ఒకరు గెన్నడీ స్ట్రెకలోవ్. 1984 ఏప్రిల్ 3న సోయజ్ టీ-11లో రాకేశ్ శర్మతో పాటు ఎక్కిన ఇద్దరిలో ఆయన ఒకరు. మన మొదటి వ్యోమగామి పక్కన కూర్చున్న మనిషి, ఆరు నెలల క్రితం అదే రకం నౌకలో చావు అంచు దాకా పోయి వచ్చినవాడు. షటిల్‌లో ఏడుగురిని అట్లా ఎత్తుకుపోయే ఏర్పాటు లేదు. 2023 అక్టోబర్ 21న ఇస్రో శ్రీహరికోట నుంచి చేసిన టీవీ-డీ1 పరీక్ష మనుషులను పంపడానికి ముందే ఈ ఒక్క ఏర్పాటును నిలబెట్టి చూసుకోవడానికి జరిగింది. నువ్వు దాన్ని "చిన్న పరీక్ష" అన్నావు, ఆ "చిన్న" అన్న మాట కొట్టేశాను.

రాకేశ్ శర్మ ఎక్కిన ఆ నౌకలో మూడో కుర్చీకి కూడా ఒక కథ ఉంది. "ఏడుగురికి బదులు పదిమంది ఎందుకు ఎక్కకూడదు" అని నువ్వు తేలికగా రాసిన చోట ఆ కథ చెప్పాలి. 1971లో సోయజ్ 11లో ముగ్గురు వెళ్లారు. గాలి పోయినా ప్రాణం కాపాడే పీడన దుస్తులు వేసుకుంటే ఆ గదిలో ముగ్గురు పట్టరు కాబట్టి దుస్తులు లేకుండానే వెళ్లారు. జూన్ 30న తిరిగి వస్తుండగా, నౌక భాగాలు విడిపోయేటప్పుడు ఒక వాల్వు తెరుచుకొని గాలంతా పోయింది. క్యాప్సూల్ చక్కగా నేలకు దిగింది, తలుపు తీసి చూస్తే ముగ్గురూ చనిపోయి ఉన్నారు. ఆ తరువాత దుస్తులు తప్పనిసరి చేసి ఒక కుర్చీ తీసేశారు. నౌకను మార్చి మళ్లీ ముగ్గురిని ఎక్కించే సరికి 1980 అయింది. కుర్చీ అంటే మనిషి బరువు ఒక్కటే కాదు, అతని దుస్తులు, గాలి, నీళ్లు, తిండి, దిగేటప్పుడు అదనంగా కావలసిన పారాచూటు గుడ్డ అన్నీ కలిసి కుర్చీ అవుతాయి. బయలుదేరేటప్పుడు సుమారు 640 టన్నులుండే మన ఎల్‌వీఎం3 రాకెట్ భూమికి దగ్గరి కక్ష్యకు చేర్చగలిగేది సుమారు 8 టన్నులు. అందుకే నీ వ్యాసంలో కోరిక కనిపించిన ప్రతి చోటా అంచున "ఎన్ని కిలోలు?" అని రాశాను. లెక్క దొరకని చోట కనీసం ఆ కోరిక తీరితే ఏది తగ్గించుకోవాలో చెప్పు.

నీ మొదటి పేజీలో రామప్ప గుడి ఉంది. మన ప్రాంతపు రచన కాబట్టి ఉండాలని పెట్టినట్టున్నావు. దాన్ని అక్కడి నుంచి తీసి ఈ బరువు దగ్గరికి తీసుకురా. 1213లో కట్టిన ఆ గుడి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు, పైన బరువు తగ్గితే కింద పునాది మీద భారం తగ్గుతుంది. ఇంజనీరింగ్ చదవని పాఠకుడికి నీ వాదం ఆ ఇటుకతో అర్థమవుతుంది.

దూరం మారితే నౌక మారుతుందన్న సంగతిని పదమూడో పేజీలో చెప్పి వదిలేశావు. గగన్‌యాన్ లక్ష్యం 400 కిలోమీటర్ల ఎత్తు, ముగ్గురు మనుషులు, మూడు రోజులు. 2040 నాటికి భారతీయుడు చంద్రుడి మీద దిగాలన్నది మనం చెప్పుకున్న ఇంకో లక్ష్యం. దగ్గరి కక్ష్య నుంచి దిగే నౌక సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి వస్తుంది, చంద్రుడి నుంచి వచ్చేది 11 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. వేగం ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు, ఉష్ణ కవచం మింగవలసిన శక్తి మాత్రం రెట్టింపైంది. అంగారకుడైతే మాట పోవడానికే మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది కాబట్టి, అక్కడ చెడిపోయిన యంత్రాన్ని భూమిని అడగకుండా బాగుచేసుకునే తీరు నౌకలోనే ఉండాలి. "భవిష్యత్తు నౌక" అని ఏకవచనంలో రాయడం మానేయి. అట్లాంటి నౌక ఒకటి ఉండదు.

భాగాలు ఒకదానితో ఒకటి పొసగడం మీద నువ్వు రాసిన రెండు పేరాలు బాగున్నాయి, ఒక్క ఉదాహరణ చేర్చు చాలు. 1970 ఏప్రిల్‌లో చంద్రుడి దారిలో అమెరికా నౌక అపోలో 13 దెబ్బతిన్నప్పుడు, ఇద్దరికి రెండు రోజులకని చేసిన చంద్ర శకటంలో ముగ్గురు నాలుగు రోజులు తలదాచుకున్నారు. గాలిని శుభ్రం చేసే డబ్బాలు పెద్ద నౌకలో చతురస్రంగా ఉన్నాయి, శకటంలో గుండ్రంగా ఉన్నాయి. చేతిలో డబ్బా ఉండి కూడా శకటంలో పట్టలేదు. ప్లాస్టిక్ సంచులు, అట్టలు, టేపు, దుస్తుల గొట్టంతో అతికించి బతికి బయటపడ్డారు. 2025 జనవరి 16న ఇస్రో ప్రయోగం స్పేడెక్స్‌తో రెండు నౌకలను కలపడం నేర్చుకున్న మనం, 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం అనుకుంటున్న మనం, లోపలి డబ్బాల కొలతల దాకా ఇప్పుడే మాట్లాడుకోవాలి.

మనుషులను పంపడమే వద్దనేవాళ్లను నువ్వు "కలలు లేనివాళ్లు" అన్నావు. ఆ మాట నాకు బాధ కలిగించింది. వాళ్ల వాదాన్ని వాళ్లు చెప్పుకునే దానికంటే బలంగా రాయి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ఎవరి ప్రాణమూ పణంగా పెట్టకుండా దిగింది, అందులోని చిన్న బండి ప్రజ్ఞాన్ పని అయిపోయాక దాన్ని తిరిగి తేవలసిన అవసరం కూడా లేకపోయింది. అది నడిచిన దూరం సుమారు వంద మీటర్లు. 1972 డిసెంబర్‌లో అపోలో 17 మనుషులు మూడు రోజుల్లో బండి మీద సుమారు 35 కిలోమీటర్లు తిరిగి 110 కిలోల రాళ్లు తెచ్చారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మనిషి చేయగలిగిన పనీ, అతణ్ని తిరిగి తేవడానికి మోయవలసిన బరువూ ఒకేసారి కనిపిస్తాయి. నేను మనిషి పోవాలనే పక్షాన ఉన్నాను, అయినా ఎదుటివాడి తక్కెడ వంకరని చెప్పి గెలవడం నాకిష్టం లేదు.

భాష గురించి ఒక్క మాట. ఉష్ణ కవచం, కక్ష్య వంటివి మన చెవికి పట్టినవి, వాడుకో. థ్రస్టర్‌కు, వాల్వుకు నువ్వు కట్టిన సంస్కృత సమాసాలను తీసేశాను.

ముప్పై ఒకటో పేజీలో కిటికీ గురించి రాసిన పేరా నీ వ్యాసంలో నాకు అన్నిటికంటే నచ్చింది. దాని పక్కన మాత్రం కిలోల ప్రశ్న రాయలేదు, నువ్వే వేసుకుంటావని. అమెరికా మొదటి మెర్క్యురీ నౌకకు రెండు చిన్న రంధ్రాల వంటి అద్దాలే ఉండేవి. ఎక్కబోయే వ్యోమగాములు పట్టుబట్టి పెద్ద కిటికీ కావాలన్నారు, 1961 జూలైలో రెండో నౌకకు అది వచ్చింది. గోడకు పెట్టిన ప్రతి రంధ్రమూ బలహీనతే, దానికి అద్దమూ చట్రమూ బరువే, అయినా ఎక్కే మనిషి దాన్ని అడిగాడు. ఆ పేరాను ముప్పై ఒకటో పేజీ నుంచి మొదటి పేజీకి తెచ్చి, రెక్కల తగవును దాని తరువాత పెట్టి చూడు. దసరా సెలవులకు ఊరికి వచ్చినప్పుడు కొత్త ప్రతి పట్టుకొని ఇంటికి రా, ఇద్దరం కూర్చొని మళ్లీ చదువుదాం.

ఆశీస్సులతో,
మీ అన్న