డ్రాప్ దాకా ఆగి రాయి

అనంతపురం

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసాలు చదివాను. కొత్త డ్యాన్స్ పాటల మీద, రీమిక్సుల మీద తెలుగులో శ్రద్ధగా రాసేవాళ్లు తక్కువ. కడపలో హాస్టల్ గదిలో కూర్చుని ఆ పని మొదలుపెట్టావు, శభాష్. మెచ్చుకోలు ఇక్కడితో ఆపి మిగతా కాగితం పనికొచ్చే మాటలకు వాడుకుంటాను.

పాట ఎట్లుందో చెప్పావు గానీ పాటలో ఏం జరిగిందో చెప్పలేదు. "అదిరిపోయింది", "వేరే లెవెల్", "గూస్‌బంప్స్ గ్యారంటీ" లాంటివి ఏ పాటకైనా అతుకుతాయి. సినిమా పాట మీద రాసేటప్పుడు సాహిత్యాన్ని పట్టుకుని రెండు పేజీలు నెట్టుకురావచ్చు. ఎలక్ట్రానిక్ పాటలో ఆ ఊతం ఉండదు. నాలుగు మాటలే ఆరు నిమిషాలు తిరుగుతుంటాయి. ఒక్కోసారి ఆ నాలుగూ ఉండవు. అందుకే గడియారం దగ్గర పెట్టుకుని విను. చాలా డ్యాన్స్ పాటల్లో మార్పులు ఎనిమిది బార్లకు ఒకసారి వస్తాయి, బారుకు నాలుగు దెబ్బల లెక్కన 32 దెబ్బలకు. నిమిషానికి 128 దెబ్బల పాటైతే 32 దెబ్బలకు సరిగ్గా 15 సెకండ్లు. ప్రతి పదిహేను సెకండ్లకూ ఏదో ఒకటి వచ్చి చేరుతుంది, లేదా వెళ్లిపోతుంది. వచ్చిందేమిటో, పోయిందేమిటో కాగితం మీద రాసుకుంటూ పో. పాట అయ్యేసరికి వ్యాసానికి కావలసిన సరుకు సగం నీ దగ్గర ఉంటుంది. విశేషణాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఒక హౌస్ పాట (షికాగో క్లబ్బుల్లో పుట్టిన డ్యాన్స్ సంగీతం) గురించి "మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంది, ఎక్కడికీ పోదు" అని రాశావు. మన జిల్లాల్లో పెరిగిన చెవికి మొదట్లో అలాగే అనిపిస్తుంది, దానికి కారణం ఉంది. చెక్కభజనలో గురువు పాట ఎత్తుకున్నప్పుడు నడక నెమ్మది. పోనుపోను వేగం పెరుగుతుంది, అడుగులు మారతాయి, ఆఖరికి చెక్కల మోతలో మాటలు వినపడవు. పాట లేచిందంటే మనకు వేగం పెరిగిందనే. హౌస్‌లో వేగం కదలదు. నిమిషానికి 120 నుంచి 130 మధ్య ఎక్కడ మొదలైతే అక్కడే ముగుస్తుంది. కదిలేవి వేరే. మూసుకుపోయినట్టు ఉన్న సింథ్ (ఎలక్ట్రానిక్ వాద్యం) ధ్వని మెల్లగా తెరుచుకుంటుంది. దెబ్బకూ దెబ్బకూ నడుమ హైహ్యాట్, అంటే డ్రమ్ముల పక్కనుండే రేకుల చప్పుడు, వచ్చి చేరుతుంది. బేస్ కాసేపు మాయమై తిరిగొస్తుంది. ఆ తిరిగిరావడాన్నే డ్రాప్ అంటారు. అక్కడ గురువు వేగం పెంచడం లాంటిది అదే. ఈ తేడా తెలిశాక నువ్వు ఆ పాటను ఇష్టపడాలని లేదు. విసుగొచ్చిందనే రాయి, కానీ ఏ నిమిషంలో ఏం రావాలనుకున్నావో, ఏం రాలేదో కలిపి రాయి.

ఇక రీమిక్సులు. నీ రాతలో బలహీనమైనది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. రీమిక్స్ అంటే పాత పాటకు బీట్ తగిలించడమని నీ లెక్క. చరిత్ర మాత్రం తీసేయడంతో మొదలైంది. జమైకాలోని కింగ్‌స్టన్‌లో రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే కింగ్ టబ్బీ 1970ల మొదట్లో పాటల్లోంచి గొంతును తీసేసి, డ్రమ్మును, బేస్‌ను ముందుకు తెచ్చి, మిగిలినదాన్ని ఎకోలో వదిలాడు. దాన్ని డబ్ అన్నారు. ఇప్పటి రీమిక్సుల చుట్టరికం వెతుకుతూ పోతే ఆ రిపేరు బల్ల దగ్గరికి చేరతాం. అందుకే ఏ రీమిక్స్ విన్నా నేను మొదట అడిగేది ఏం తీసేశారు అనే.

దీనికి పాఠం లాంటి పాట ఒకటుంది, కొత్తది కాదు. ఎవ్రీథింగ్ బట్ ది గర్ల్ అనే ఇంగ్లండు జంట 1994లో "మిస్సింగ్" అని ఒక నెమ్మదైన పాట చేసింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. న్యూయార్క్‌కు చెందిన టాడ్ టెర్రీ దానికి చేసిన హౌస్ రీమిక్స్ 1995లో ప్రపంచమంతా మోగింది. గొంతు అదే, మాటలు అవే. దూరమైన మనిషి కోసం పాడే దిగులు కూడా పోలేదు. దాని కింద ఆగని బీట్ వచ్చింది. గదిలో ఒంటరిగా పాడుకుంటున్న మనిషి జనం మధ్యకు వచ్చినట్టయింది, అయినా ఒంటరితనం తగ్గలేదు. రెండూ ఒకదాని వెంట ఒకటి విని, తేడాను ఒక పేరాలో చెప్పగలవేమో చూడు. అది కుదిరితే ఏ రీమిక్స్ మీదైనా రాయగలవు.

ఈమధ్య రీమిక్స్ ఇంకో దారి పట్టింది. ఇంగ్లండు గాయని చార్లీ ఎక్స్‌సీఎక్స్ 2024 జూన్‌లో "బ్రాట్" ఆల్బమ్ తెచ్చింది, అక్టోబరుకు ఆ పాటలన్నిటికీ వేరే రూపాలతో రీమిక్స్ ఆల్బమ్ తెచ్చింది. అందులో తప్పక వినాల్సింది "గర్ల్, సో కన్‌ఫ్యూజింగ్". అసలు పాటలో తోటి గాయని ఒకామెతో తన స్నేహం ఏమిటో అర్థం కావడం లేదని చార్లీ పాడింది. రీమిక్స్‌లో ఆ తోటి గాయని, లార్డ్, వచ్చి జవాబు చెప్పింది. తన ఒంటితో తనే చేసుకుంటున్న యుద్ధం గురించి చెప్పుకుంది. మొదటి పాటలో అపార్థం ఉంటే రెండో దాంట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇక్కడ బీట్ పెద్దగా మారిందా లేదా అనేది నాకు ముఖ్యం కాదు. పాటలోకి ఇంకో మనిషి వచ్చింది, పాట అర్థమే మారిపోయింది. నువ్వేమో "రీమిక్స్‌లో లార్డ్ వాయిస్ బాగుంది" అని ఒక్క ముక్కలో దాటేశావు!

"స్లోడ్ ప్లస్ రివర్బ్", "స్పెడ్ అప్" అని యూట్యూబులో కుప్పలుగా వస్తున్నవాటిని నేను రీమిక్సుల్లో కలపను. వేగం మీట ఒకటి తిప్పితే వచ్చేవి అవి. రాత్రిపూట వినడానికి కొన్ని హాయిగానే ఉంటాయి, కాదనను. వాటి మీద వ్యాసం మాత్రం వద్దు.

"రంబుల్" పాట నీకెందుకు నచ్చలేదో నాకు తెలుసు. నువ్వు దాన్ని ఫోన్ స్పీకర్‌లో విన్నావు. స్క్రిలెక్స్, ఫ్రెడ్ అగైన్, ఫ్లోడాన్ కలిసి 2023 జనవరిలో విడుదల చేసిన ఆ పాట ప్రాణం అడుగు బేస్‌లో ఉంది. యాభై హెర్ట్జ్ దగ్గర మోగే ధ్వని ఫోన్ స్పీకర్‌లో దాదాపు రాదు. నువ్వు విన్నది ఫ్లోడాన్ బొంగురు గొంతు, నాలుగు టక్కుటక్కులు, మధ్యలో ఖాళీలు. ఆ ఖాళీలు బేస్ కోసం వదిలినవి. మంచి ఇయర్‌ఫోన్స్ అరువు తెచ్చుకునైనా మళ్లీ విను. దేని మీద విన్నావో కూడా వ్యాసంలో ఒక మాట చెప్పు. చదివేవాళ్లు ఆటోలో వింటారో, బస్సులో వింటారో మనకు తెలియదు కదా.

బేస్ మాట వచ్చింది కాబట్టి దక్షిణాఫ్రికా అమాపియానో పాటలు కూడా విను. అవి హౌస్ కంటే నెమ్మది, నిమిషానికి 110 దాటి కాస్త అటూ ఇటూ. వాటిలో లాగ్ డ్రమ్ అనే ధ్వని ఒకటుంది. అది దెబ్బా అవుతుంది, రాగమూ అవుతుంది. 2023లో వచ్చిన టైలా పాట "వాటర్" దాన్ని పాప్‌లోకి మెత్తగా తెచ్చింది. ఆఫ్రికా సంగీతానికి కొత్తగా పెట్టిన గ్రామీ, మొదటి ఏడాదే 2024లో ఆ పాటకు వచ్చింది. నువ్వు దాన్ని "ఆఫ్రికన్ బీట్స్" అని వదిలేశావు. మా అనంతపురంలో ఉరుము అనే రెండు ముఖాల వాద్యం వాయించేవాళ్లను ఎప్పుడైనా విన్నావా? ఒక ముఖం మీద పుల్లతో రాస్తుంటే తోలు మూలుగుతుంది, రెండో ముఖం మీద దెబ్బ పడుతుంది. చర్మవాద్యం దెబ్బే కాదు, గొంతు కూడా కాగలదని ఆ వాద్యం విన్న చెవికి ఎవరూ చెప్పక్కర్లేదు. లాగ్ డ్రమ్ మీద రాసేటప్పుడు ఆ చెవిని దాచుకోవద్దు. లండన్ పత్రికలవాడు రాసినట్టు రాయబోయి అది పక్కన పెడుతున్నావు.

ఇంకో పేరు రాసుకో, చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమా స్టూడియోల్లో వాయించేవాడు. 1982లో పది రాగాలను డిస్కో బీట్ మీద, అచ్చంగా యంత్రాలతో రికార్డు చేశాడు. వాటిలో రోలాండ్ కంపెనీ టీబీ-303 ఒకటి. గిటారు వాయించేవాళ్లకు తోడుగా బేస్ పలికించడానికి తయారైన పెట్టె అది. ఆ పనికి ఎవరూ కొనలేదు, కంపెనీ తయారీ ఆపేసింది. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే షికాగో కుర్రాళ్లు దాని మీటలు అడ్డదిడ్డంగా తిప్పి ఒక కొత్త ధ్వని రాబట్టారు. ఫ్యూచర్ అనే బృందం 1987లో తెచ్చిన "యాసిడ్ ట్రాక్స్" అట్లా పుట్టిందే. అంతకు అయిదేళ్ల ముందే బొంబాయిలో అదే పెట్టె మీద భైరవ్ రాగం పలికింది. రికార్డు అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ అచ్చయ్యాక గానీ ప్రపంచం చెవి పెట్టలేదు. షికాగో కుర్రాళ్ల ఆ ధ్వనితో వచ్చిన యాసిడ్ హౌస్‌ను చరణ్‌జితే కనిపెట్టాడని కొందరు ఊగిపోతారు, నువ్వు ఊగొద్దు. షికాగో వాళ్లు ఆయన్ని విన్నారనడానికి ఆధారం లేదు. ఒకే యంత్రం రెండు ఊళ్లలో రెండు రకాలుగా పలికిందని చెబితే చాలు, అదే బోలెడంత కథ.

మన దగ్గర డీజేల గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు. చిన్నచూపా? కర్నూలులో వినాయక నిమజ్జనం నాడు కేసీ కెనాల్ ఘాట్ వైపు సాగే ఊరేగింపులో ట్రాక్టర్ల మీద బాక్సులు కట్టి వేసే మిక్సుల్ని ఒకసారి కాగితం, పెన్నుతో విను. ఆరుబయట గోడలుండవు, బేస్ నిలవదు, గాల్లో చెదిరిపోతుంది. అందుకే ఆ మిక్సుల్లో అడుగు బేస్ కంటే గుండె మీద తగిలే దెబ్బకు, చప్పట్లకు పెద్దపీట. క్లబ్బు కోసం చేసిన పాట అక్కడ తేలిపోతుంది, అక్కడ దుమ్ము రేపే మిక్సు ఇయర్‌ఫోన్స్‌లో చెవులు కోస్తుంది. రెండింటినీ ఒకే తూకంతో తూచడం అన్యాయం. అన్నీ బాగుంటాయని కాదు. జానపదాన్ని ఎత్తుకుని, ఊపిరాడకుండా దాని మీద సైరన్లు మోగించేవే ఎక్కువ. మంచివి నాలుగు ఏరి చూపించడానికే కదా నువ్వున్నది.

ఏరేటప్పుడు పేర్ల దగ్గర ఓపిక పట్టు. పాడిందెవరు, అసలు ట్యూన్ ఎవరిది, మిక్స్ చేసిందెవరు, ఆ లూపులో, అంటే తిప్పి తిప్పి వేసే ముక్కలో, డప్పు కొట్టిందెవరు. డీజే తన పేరు పాటలో ప్రతి నిమిషానికీ అరిపిస్తాడు, డప్పు కొట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. 1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికా బృందం పాటలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన డ్రమ్ము ముక్క ఏడు సెకండ్లు కూడా ఉండదు. ఆ ముక్కను కోసుకుని వేల పాటలు కట్టారు, జంగిల్ అనే వేగమైన డ్యాన్స్ సంగీతమంతా దాని మీదే నిలబడింది. కోల్‌మన్‌కు రాయల్టీగా ఏమీ ముట్టలేదు, 2006లో పేదరికంలోనే పోయాడు. మన జానపద రీమిక్సుల్లోనూ అలాంటి చేతులున్నాయి. వెతికితే ఫోన్ నంబరు దొరికేంత దూరంలోనే ఉంటారు. అడుగు.

చట్టం సంగతీ కొంచెం తెలిసుండాలి. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం, రాయల్టీ కట్టి చేసుకునే కవర్ వెర్షన్‌కు కూడా, పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి. అసలు రికార్డింగునే కోసి వాడుకోవాలంటే హక్కుదారు అనుమతి తీసుకోవాల్సిందే. నిన్న మొన్నటి సినిమా పాటకు ఊరూరా వచ్చే మిక్సుల్లో ఎన్నింటికి ఆ అనుమతి ఉంటుందో నువ్వే ఊహించుకో. ఆన్‌లైన్‌లో అవి హఠాత్తుగా మాయమవుతుంటాయి, కాబట్టి లింకును నమ్ముకోక, విన్నది విన్నట్టు రాసిపెట్టుకో.

ఉత్తరం చివర్లో ఒకటి అడిగావు, "డీజే ముందు ఎగిరే అవకాశం ఆడపిల్లలకు ఎక్కడుంది సార్, డ్యాన్స్ పాటల మీద నేను రాయడం దొంగతనం కాదా" అని. హౌస్ పుట్టిన చోటు చూడు. 1979 జూలైలో షికాగో బేస్‌బాల్ స్టేడియంలో వేలమంది కేరింతల మధ్య డిస్కో రికార్డుల్ని పేల్చేశారు. అదే ఊళ్లో వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ ఆ డిస్కోనే సాగదీసి, కోసి, అతికి వేస్తుంటే, బయట చోటు దొరకని నల్లజాతి, లాటినో గే యువకులు తెల్లారేదాకా ఆడారు. ఆ సంగీతాన్ని నిలబెట్టింది ఊరేగింపులో చోటున్నవాళ్లు కాదు. నువ్వు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మంచం మీద కదలకుండా, కాలి బొటనవేలు మాత్రం ఆడిస్తూ విన్నానని రాశావు చూడు, ఆ వాక్యం ఉత్తరంలో ఎందుకుంది, వ్యాసంలో ఎందుకు లేదు? అక్కడికి మార్చు.

"వాటర్" మీద రాసింది తిరగరాసి పంపు. ఆరు వందల మాటలు దాటనివ్వకు. పరీక్షలయ్యాకే, తొందరేం లేదు. ప్రొద్దుటూరు పోతే ఇంట్లో అమ్మను, నాన్నను అడిగానని చెప్పు.

ఉంటాను.