అచ్చయ్యాక వచ్చేవి

తమ్ముడూ,

విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీద నువ్వు తెలుగులో రాసిన వ్యాసం చదివాను, రెండుసార్లు చదివాను. ఆ దిబ్బలంటే సినిమా పాటల షూటింగే గుర్తొచ్చేవాళ్లకి, 20,000 ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా దిగువన ఉండేదనీ, అలా బయటపడ్డ ఇసుకని గాలి కూడా ఒడ్డుకి మోసిందనీ, రేణువులకి పట్టిన ఐరన్ ఆక్సైడ్ వల్లే ఆ ఎరుపనీ ఒక్క పేజీలో చెప్పావు. మీ రీసెర్చ్ గైడు మాత్రం ఇదంతా టైమ్ వేస్టు, ముందు జర్నల్ పేపర్లు చూసుకోమన్నారని రాశావు. ఆయన అన్నదాంట్లో కొంత నిజముంది. తెలుగులో రాసినదానికి ఉద్యోగంలో గానీ ప్రమోషన్లో గానీ పెద్దగా విలువ కట్టరు, ఆ ఆశ పెట్టుకోకు. ఆ లెక్కల్లోకి రానివి కొన్ని వస్తాయి, వాటి గురించే ఈ ఉత్తరం.

నా పరిశోధన విశాఖ ఆర్కే బీచ్ ఇసుక మీద అని నీకు తెలుసు కదా. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకని ఉత్తరానికి నెడతాయి, ఈశాన్య కాలంలో కొంత వెనక్కి వస్తుంది, మొత్తం మీద చూస్తే ప్రయాణం ఉత్తరానికే. 1970లలో ఔటర్ హార్బర్ కోసం కట్టిన గోడలు ఆ దారికి అడ్డం పడ్డాయి, అందుకే అక్కడ ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తవ్వి బీచ్‌కి పంపింగ్ చెయ్యాల్సి వస్తోంది. ఇది తెలుగులో రాసి, చివర్లో ఒక మాట కలిపాను: మీ చిన్నప్పుడు బీచ్ ఎంత వెడల్పుండేదో గుర్తుంటే రాయండి అని.

ఫొటోలు వచ్చాయి తమ్ముడూ! పెళ్లయిన కొత్తలో దిగినవి, పిల్లల పుట్టినరోజువి, ఎక్కడెక్కడి చుట్టాలో వచ్చినప్పుడు వరసగా నిలబడి తీయించుకున్నవి. వాళ్ల వెనక ఇసుక ఎంత దూరం ఉందో కనబడుతోంది. కొన్నిటి మీద తేదీ లేదు, కానీ బీచ్ రోడ్డులో యుద్ధ స్మారకం 1996లో వచ్చింది, కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం 2002లో తెరిచారు, మొదటిది ఉండి రెండోది లేదంటే ఆ ఫొటో ఏ ఏళ్లదో చెప్పేయొచ్చు. ఏ ల్యాబూ ఇవ్వని సమాచారం జనం ఆల్బమ్‌ల నించి వచ్చింది.

కానీ నన్ను కదిలించినవి వాటితో వచ్చిన ఉత్తరాలు. ఒకావిడ, ఇది మా నాన్నగారితో ఉన్న ఒకే ఒక్క ఫొటో, జాగ్రత్తగా తిరిగి పంపండి అని రాశారు. పోస్టులో పంపడానికి మనసొప్పక నేనే మర్రిపాలెం వెళ్లి ఇచ్చాను. అన్నం పెట్టకుండా పంపలేదు. ఇప్పుడు వాళ్లింట్లో ఏ శుభకార్యమైనా నాకు పిలుపొస్తుంది. పరిశోధన వల్ల బంధువులు దొరుకుతారని నాకెవరూ ముందు చెప్పలేదు, అందుకే నీకు చెబుతున్నాను.

ఇంకోటి. ఫిషింగ్ హార్బర్ నించి ఒక బోటు డ్రైవర్ ఫోన్ చేసి, "మేస్టారూ, ఇసుక సంగతి రాశారు సరే, మార్చిలో పైన ఎండ మండిపోతుంటే నీళ్లెందుకు సల్లబడతాయో అది రాయరేం?" అని అడిగాడు. జవాబు నాకు తెలుసు. నైరుతి గాలి తీరం వెంబడి వీచినప్పుడు, భూభ్రమణం వల్ల పైనీరు ఒడ్డు నించి సముద్రం లోపలికి జరిగిపోతుంది, ఆ ఖాళీలోకి అడుగునించి చల్లటి నీరు పైకొస్తుంది. 1950లలోనే మన ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ ఈ తీరం మీదే దాన్ని అధ్యయనం చేశాడు. క్లాసులో ఏళ్ల తరబడి బోర్డు మీద బాణాలు గీసి చెప్పిన పాఠమే అది. వేట నిషేధం మొదలవకముందే ఆ డ్రైవర్ నన్ను తన బోటులో తీసుకెళ్లి, ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి అన్నాడు. ఆ చల్లదనం తగిలినప్పుడు, నేను ఈ చదువులోకి ఎందుకొచ్చానో, పేపర్ల గోలలో పడి దాన్ని ఎంతగా పక్కన పెట్టేశానో తెలిసొచ్చింది. అప్పటినించి నా పాఠం చెప్పే తీరు మారిందని పిల్లలే అన్నారు.

అందుకని రాయడం మానకు, పేపర్లూ మానకు. ఒక వ్యాసంలో ఒకే ప్రశ్న పట్టుకో. ఇంకా తేలనిదాన్ని తేలలేదనే రాయి, పాఠకులకి దాని మీదే ఎక్కువ ఆసక్తి, నాకొచ్చిన మంచి ఉత్తరాలు అలాంటి వాక్యాల మీద వచ్చినవే. ఎవరైనా ఫొటో గానీ తాము లెక్కలు రాసుకున్న పుస్తకం గానీ ఇస్తే, వాడుకునే ముందు అడుగు, పేపర్ అచ్చయ్యేటప్పుడు వాళ్లు సరేనంటే కృతజ్ఞతల్లో పేరు పెట్టు, ఒక కాపీ పట్టుకెళ్లి చూపించు. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు, ఆ పనిలో వాళ్లకీ భాగముంది.

మీ గైడుతో గొడవ పడకు. వచ్చిన ఉత్తరాల్లో మంచి ప్రశ్న ఉన్నదొకటి తీసి ఆయనకి చదివి వినిపించు.

ఈసారి భీమిలి వైపు వెళ్లినప్పుడు దిబ్బల పక్క ఊళ్లలో పెద్దవాళ్లతో కూచో, వానాకాలంలో వాగులు మట్టిని ఎక్కడ కోస్తున్నాయో వాళ్లు చూస్తూనే ఉంటారు. రెండో వ్యాసం దాని మీద రాయి. కింద నీ చిరునామా తప్పకుండా వెయ్యి, మొదటిదాంట్లో అది లేదు.

ఉంటాను,
మీ మేస్టారు