బర్బిల్‌లో లక్షా పాతిక, ఉప్పల్‌లో ఎనభై ఐదు వేలు: ఏది ఎక్కువ?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మైనింగ్ ఇంజినీరింగ్ చేసి హైదరాబాద్‌లోనే ఒక కన్సల్టెన్సీలో మైన్ ప్లానింగ్ పని చూస్తున్నాను. చేతికి 85,000 వస్తుంది. ఒడిశాలో బర్బిల్ దగ్గర ఇనుప ఖనిజం గనిలో 1,25,000 చేతికి ఇస్తామంటున్నారు, క్వార్టర్ ఉచితం. మా బ్యాచ్‌మేట్ ఒకడు పెర్త్‌లో ఏడాదికి లక్షన్నర ఆస్ట్రేలియా డాలర్లు తీసుకుంటున్నాడు, నన్నూ రమ్మంటున్నాడు. మా ఆవిడ టీచర్, జీతం 28,000. పాపకు మూడేళ్లు. ఉప్పల్‌లో సొంత ఫ్లాట్, ఈఎంఐ 32,000. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక మాట. మీ లైన్‌లో ఊరు మారితే జీతం మారుతుందన్నది ప్రైవేటులోనే నిజం. ప్రభుత్వ రంగ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ వాళ్లను అడగండి. మాసాబ్‌ట్యాంక్ ఆఫీసులో కూర్చున్నా, ఛత్తీస్‌గఢ్‌లో బైలడిల్లా కొండల కింద కిరండూల్ గని దగ్గర ఉన్నా, ఒకే గ్రేడుకు మూలవేతనం స్కేలు ఒక్కటే. తేడా అంతా అలవెన్సుల్లో. పైగా ఇంటి అద్దె అలవెన్స్ చిన్న ఊళ్లలో కంటే హైదరాబాద్‌లోనే ఎక్కువ, గని దగ్గరేమో అలవెన్స్ బదులు క్వార్టర్. ప్రైవేటు గని యజమానికి ఆ స్కేళ్లు లేవు. హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని ప్లాన్లు గీసేవాళ్లు దొరుకుతారు, ఎర్రదుమ్ములో నిలబడేవాళ్లే దొరకరు. ఆ 40,000 తేడా దానికే.

ఆ 40,000 మీకు ఎంత మిగులుతుందో చూద్దాం. మీరొక్కరే వెళ్తే ఉప్పల్ ఖర్చు ఒక్క రూపాయి తగ్గదు. అక్కడ మీ భోజనం, చిల్లర ఖర్చులు 8,000 వేసుకోండి. నెలకోసారి ఇంటికి రావాలంటే రోడ్డు మీద రాంచీకో భువనేశ్వర్‌కో చేరి ఫ్లైట్ ఎక్కాలి, రానూపోనూ 15,000. మిగిలేది 17,000. నా క్లయింట్ ఒకాయన ఇలాగే ఒంటరిగా వెళ్లాడు. ఏడాది తర్వాత టికెట్ల మెసేజ్‌లన్నీ ఫోన్‌లో వరుసగా తీసి చూపించాడు. పండగ ముందు రోజు కొన్నది ఒక్కటే 14,000, అదీ వన్‌వే! జీతం పెరిగిందనే అనుకున్నాను సార్, అన్నాడు పాపం.

అందరూ కలిసి వెళ్తే? మీ ఆవిడ 28,000 పోతుంది. ఫ్లాట్ అద్దెకిస్తే 18,000 అనుకుందాం. 40,000లో 28,000 తీసి 18,000 కలిపితే 30,000 మిగులు, టికెట్ల గొడవ లేదు. లెక్క ప్రకారం ఇదే మేలు. కాకపోతే ఆ 28,000 మీ ఆవిడ ఉద్యోగం. అది వదులుకోవాలో లేదో ఆమే చెప్పాలి, మీరో నేనో కాదు. కంపెనీ స్కూల్ ఉంటే అక్కడ ఖాళీ ఉందేమో కనుక్కోండి.

డబ్బు కంటే పెద్ద విషయం ఇంకోటుంది. పెద్ద గనిలో మేనేజర్ స్థాయికి వెళ్లాలంటే డీజీఎంఎస్, అంటే గనుల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఇచ్చే ఫస్ట్‌క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ కావాలి, దానికి గనిలో పని చేసిన అనుభవం చూపించాలి. ఆఫీసులో గీసిన ప్లాన్లు ఆ లెక్కలోకి రావు. మీ వయసులో మూడేళ్లు గనిలో ఉండి ఫస్ట్‌క్లాస్ తెచ్చుకుంటే, తర్వాత ఏ ఊళ్లో జీతం మాట్లాడుకున్నా అది పనికొస్తుంది. నేను బర్బిల్ వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే, 30,000 కాదు.

పెర్త్ సంగతి. లక్షన్నర డాలర్లలో సుమారు 37 వేలు ఆదాయపన్నుకే పోతాయి. ఆ లక్షన్నరలో సూపర్, అంటే వాళ్ల పీఎఫ్ లాంటిది, కలిపి చెప్పారో విడిగా ఇస్తారో మీ బ్యాచ్‌మేట్‌ను అడగండి. కలిపితే చేతికి ఇంకా తగ్గుతుంది. తాత్కాలిక వీసా మీద వెళ్లి తిరిగొచ్చేస్తే సూపర్ వెనక్కి తీసుకోవచ్చు గానీ, మామూలుగా అందులో 35 శాతం పన్ను కింద పట్టుకుంటారు. అక్కడ చాలా గనుల్లో ఫైఫో పద్ధతి, అంటే విమానంలో పనికి వెళ్లి రావడం: రెండు వారాలు క్యాంపులో, ఒక వారం ఇంట్లో. ఫ్లైట్, గది, తిండి కంపెనీవే. పెర్త్‌లో అద్దె మాత్రం మీదే, అదీ డాలర్లలో. అయినా మిగులుతుంది, కాదనను. కానీ చేతిలో గని అనుభవం లేకుండా ఇప్పుడే వెళ్లడం కంటే మూడేళ్లాగి వెళ్తే బేరం ఆడగలరు.

బర్బిల్ ఆఫర్ లెటర్‌లో బేసిక్ ఎంతో, సైట్ అలవెన్స్ ఎంతో విడదీసి రాయించుకోండి. పీఎఫ్, గ్రాట్యుటీ లెక్క ఎక్కువగా బేసిక్ మీదే ఆధారపడుతుంది. సైట్ అలవెన్స్ మీరు హైదరాబాద్ తిరిగొచ్చిన నెలే ఆగిపోతుంది, కాబట్టి దాని మీద కొత్త ఈఎంఐ పెట్టకండి, ఫ్లాట్ అప్పుకే కట్టేయండి. కొత్తగా టర్మ్ పాలసీ తీసుకుంటే ఫారంలో గని ఉద్యోగమని రాయండి. ప్రీమియం కాస్త పెరిగినా సరే. దాచిపెడితే రేపు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడేది మీ ఆవిడే.

సంతకం పెట్టేముందు ఇద్దరూ కలిసి ఒకసారి బర్బిల్ వెళ్లి రండి. క్వార్టర్ చూడండి, స్కూల్ చూడండి, రాత్రి పూట పాపకు జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి, ఎంత దూరం వెళ్లాలో అక్కడివాళ్లనే అడగండి.