గొర్రె ఉన్నట్టుండి చనిపోతే కత్తి పెట్టకండి

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో ఇబ్రహీంపట్నం వైపు మాకు 40 గొర్రెలున్నాయి. తొలకరి పడ్డాక కుంటలో మేపాం. నాలుగు రోజుల్లో రెండు చనిపోయాయి. రాత్రి బాగానే ఉన్నవి తెల్లారేసరికి పొట్ట ఉబ్బి పడి ఉన్నాయి, ముక్కులోంచి నల్లటి నెత్తురు కారింది. మొదటిదాన్ని కోసి నాలుగిళ్లకు పంచాం. రెండోది ఇంకా పాకలోనే ఉంది. చిటుక రోగమని కొందరు, దొమ్మ రోగమని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: రెండో గొర్రెను కోయకండి, తోలు తీయకండి. ఎంతో కొంత దక్కించుకోవాలన్న మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మీరు చెప్పినవి దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ లక్షణాలు. చిటుక రోగంలోనూ (పేగుల్లో విషం పుట్టే జబ్బు) జీవాలు ఇలాగే కూలిపోతాయి గానీ, గడ్డకట్టని నల్ల నెత్తురు కారిందంటే ముందు దొమ్మనే అనుమానించాలి. వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. పశువైద్యులు వచ్చి చెవి కొసన ఒక్క చుక్క నెత్తురు గాజు పలక మీద తీస్తారు. రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే నీలం కడ్డీలు, వాటి చుట్టూ గులాబీ పొర కనిపిస్తాయి. దానికి పొట్ట కోయాల్సిన పనే లేదు.

కోయని కళేబరంలో దొమ్మ క్రిమి కుళ్లుతోపాటే కొన్ని రోజుల్లో చాలావరకు చస్తుంది. అదే నెత్తురు బయటపడి గాలి తగిలిందా, గట్టి పొర కట్టుకుని బీజంగా మారి మట్టిలో దశాబ్దాలు ఉండిపోతుంది. మీ కుంటలోనూ ఎప్పటివో బీజాలు వానకు పైకి తేలి ఉండొచ్చు. పొట్టి గడ్డిని మట్టితో సహా కొరికిన గొర్రెకు అవి అంటుకుంటాయి.

ఇప్పుడు మనుషుల సంగతి. మాంసం కోసినవాళ్లు, తిన్నవాళ్లు అందరూ ఈరోజే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి, చచ్చిన గొర్రెను కోశామని దాచకుండా చెప్పాలి. ఈ రోగం మనిషికి అంటితే చేతి మీద దోమ కుట్టినట్టు దురద పుండు లేచి, పొక్కై, నడుమ నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. త్వరగా వెళితే మందులతో నయమవుతుంది. మిగిలిన మాంసం, ఎండబెట్టిన ఒరుగులు తినొద్దు, కుక్కలకూ వేయొద్దు. ఉడికిస్తే పోతుందిలే అనుకోకండి.

కళేబరాన్ని ఈడ్చుకెళ్లకండి, దారంతా నెత్తురు కారుతుంది. చేతులకు గ్లవ్స్ వేసుకుని, ముక్కు, నోరు, మలద్వారంలో ఫార్మాలిన్‌లో (క్రిములను చంపే ద్రావణం) తడిపిన దూది కుక్కి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టి తీసుకెళ్లాలి. డాక్టర్ చెప్పినట్టు కాల్చేయాలి, లేదా చెరువుకు, బావికి దూరంగా ఆరడుగుల లోతున పూడ్చాలి. నెత్తురు పడిన మట్టినీ అందులోనే వేయండి. సున్నం చల్లాం కదా అని ధీమా వద్దు, దానితో ఈ బీజాలు చావవు.

మిగతా మందను ఆ కుంటకు తోలకండి, అమ్మకండి. పొద్దున, సాయంత్రం జ్వరం చూడండి. 105 డిగ్రీలు దాటితే డాక్టర్ పెన్సిలిన్ వేస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాటికి దొమ్మ టీకా చర్మం కింద అర మిల్లీలీటరు వేయించాలి. ఇది బతికున్న బీజాల టీకా. యాంటీబయాటిక్ వేసిన గొర్రెకు వెంటనే ఇస్తే పనిచేయదు, సుమారు రెండు వారాలు ఆగాలి. టీకా పట్టడానికి వారం, పది రోజులు పడుతుంది, అప్పటిదాకా మందను కళ్లలో పెట్టుకుని చూసుకోండి. టీకా వేసిన జీవాలను ఆరు వారాల దాకా మాంసానికి ఇవ్వకండి. ఒకసారి రోగం వచ్చిన చోట ఏటా తొలకరికి నెల ముందే, మీ మందకే కాదు, ఆ కుంటలో మేసే ప్రతి మందకూ టీకా వేయించాలి. పక్క మందల వాళ్లకు ఈ మాట ఈరోజే చెప్పండి.