ఇంఫాల్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

ఆశీస్సులు. 1944లో జపాన్ సైన్యం తన చేతిలో ఉన్న బర్మా నుంచి మణిపూర్‌లోని ఇంఫాల్ మీదికి చేసిన దండయాత్ర గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం మీద నీకు పట్టుంది, దాని గురించి నేను చెప్పేదేమీ లేదు. నా పేచీ అంతా అమరికతోనే. జపాన్ వ్యూహం ఎక్కడ దెబ్బతిన్నదో మొదటి సగంలో చెప్పి, ఎందరు చనిపోయారో రెండో సగంలో చెప్పావు. అలా విడదీస్తే సైన్యాధిపతులు చాలా తేలిగ్గా తప్పించుకుంటారమ్మా. సైనికుడి మూటలో ఎన్ని రోజుల బియ్యం ఉందో అక్కడ మొదలుపెట్టు. వ్యూహమూ చావూ రెండూ ఆ మూటలోనే ఉన్నాయి.

ఆ దండయాత్ర నడిపిన జపాన్ సేనాని ముతాగుచి మార్చిలో సుమారు 85,000 మందిని కదిలించాడు. మూడు వారాల్లో ఇంఫాల్ చేతికొస్తుందని, అక్కడి బ్రిటిష్ గిడ్డంగులే తన సైన్యాన్ని పోషిస్తాయని లెక్క వేశాడు. అందుకే దాదాపు అన్నాళ్లకు సరిపడా తిండితోనే మనుషుల్ని చింద్విన్ నది దాటించాడు. చెంగిజ్‌ఖాన్ పద్ధతి అంటూ పశువుల మందల్ని వెంట తోలించాడు. సామాన్లు మోస్తాయి, తర్వాత ఆహారమవుతాయి అని. వాటిలో చాలా నదిలోనే కొట్టుకుపోయాయి, మిగిలినవి కొండదారుల్లో పడిపోయాయి. సరఫరాలు అందవని ముందే అభ్యంతరం చెప్పిన తన చీఫ్ ఆఫ్ స్టాఫ్‌ను అంతకుముందు ఏడాదే పదవి నుంచి తప్పించాడు. నీ వ్యాసంలో ఈ సంగతికి అర వాక్యం ఇచ్చావు. ఒక పేజీ ఇవ్వు. కాదన్నవాడిని బయటికి పంపిన రోజునే వేలమంది తిండి పోయింది.

ముట్టడిలో చిక్కిన ఇంఫాల్‌కు విమానాలు ఆహారం చేరవేశాయి. ముట్టడించిన వాళ్లు గడ్డి, ఆకులు ఉడికించుకు తిన్నారు.

జూన్ మొదటి వారాన్ని మాత్రం తొందరపడి దాటకు. పైఅధికారి కవాబె, ముతాగుచి ఎదురెదురుగా కూర్చున్నారు. ఇది ఆపాలని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ నోరు విప్పలేదు. తన ముఖం చూసి ఆయనే గ్రహిస్తాడని ఆశించానని యుద్ధం తర్వాత ముతాగుచి చెప్పుకున్నాడు. విరమణ ఉత్తర్వు జులైలో గానీ రాలేదు. ఆ నెల రోజుల వానల్లో మలేరియా, రక్తవిరేచనాలు, ఆకలి ఎందరిని తీసుకుపోయాయో రాయి. ఆ మౌనం పక్కనే రాయి. నడవలేనివాళ్లు చేతిబాంబుతో ప్రాణం తీసుకున్నారు. వెనక్కి నడిచిన దారిని బతికినవాళ్లు తెల్ల ఎముకల దారి అన్నారు. మొత్తం మీద చనిపోయినవారు సుమారు 30,000. గుండు తగిలి పోయినవారి కంటే తిండి లేకా, రోగంతోనూ పోయినవారే ఎక్కువ.

కొహిమాలో జపాన్ డివిజన్ అధిపతి సాతో బియ్యం కోసం పదేపదే వర్తమానాలు పంపాడు. ఏమీ రాకపోయేసరికి ఆజ్ఞ ధిక్కరించి తన డివిజన్‌ను వెనక్కి నడిపించాడు. అతన్ని సైనిక విచారణకు పెట్టకుండా మతి చలించిందని తేల్చారు. విచారణ జరిగితే బియ్యం మాట బయటికొచ్చేది కదా! నువ్వు అతన్ని వీరుణ్ని చేశావు. అంత దూరం వెళ్లకు. అతని మనుషులు కూడా నాగా పల్లెల్లో ధాన్యం, పశువులు లాక్కునే కొహిమా దాకా బతికారు.

ఆజాద్ హింద్ ఫౌజ్ దగ్గర నీ కలం తడబడింది. మనకు నేతాజీ మీద ఉన్న అభిమానం నాకూ ఉంది. అయినా ఆ సైనికుల్ని కూడా అదే ఆకలి తిన్నదని స్పష్టంగా చెప్పు. ఎదురుగా బ్రిటిష్ జెండా కింద పోరాడినవారిలోనూ భారతీయులే ఎక్కువమంది. కొహిమా శ్మశానవాటికలో దహనమైన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి.

వ్యూహం సంగతి క్లుప్తంగా ముగించవచ్చు. బర్మాను కాపాడడానికే అన్న దండయాత్ర, బర్మాను కాపాడవలసిన సైన్యాన్నే మింగేసింది. 1945 మేలో రంగూన్ పోయింది.

ఇక నీ వ్యాసంలో అసలు లేనివాళ్లు నాగాలు. వాళ్ల ఊళ్ల మీదే ఈ యుద్ధం జరిగింది. ఇళ్లు కాలిపోయాయి, గాదెలు ఖాళీ అయ్యాయి. గాయపడ్డవాళ్లను మోసింది వాళ్లే, దారులు చూపిందీ వాళ్లే. సైన్యాలు వెళ్లిపోయాక ఆ ఏడు కొహిమా కుటుంబాలు ఏం విత్తాయి, ఏం తిన్నాయి? అక్కడి పెద్దలు చెప్పినవి నమోదైన చోట్ల వెతుకు. ఆ పేజీలు రాశాక మిగతా వ్యాసంతో కలిపి నాకు పంపు.

ఉంటాను.