స్టెరాయిడ్ మానేస్తే మందుల ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. రెండేళ్ల కిందట మావారికి మా అత్తగారు కిడ్నీ ఇచ్చారు. ఇప్పుడు ఉద్యోగానికి వెళ్తున్నారు. నెలకు చేతికి 68 వేలు వస్తుంది, అందులో మందులకు, పరీక్షలకే 14 వేలు పోతోంది. షుగర్ పెరుగుతోందని స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించి ఆపే విషయం ఆలోచిద్దామన్నారు డాక్టర్. ఎలాగూ ఖర్చు తగ్గుతుంది కాబట్టి 5 లక్షల ఎఫ్‌డీ తీసి ఇంటి లోన్‌కు కట్టేద్దామంటున్నారు మావారు. కట్టమంటారా?

జవాబు: వద్దమ్మా, ఇప్పుడే కట్టకండి.

ముందు మందుల షాపు బిల్లు ఎదురుగా పెట్టుకుని చూడండి. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ అని ఉన్న రెండు వరుసలే బిల్లులో ఎక్కువ భాగం మింగేస్తాయి. స్టెరాయిడ్ అంటే ప్రెడ్నిసొలోన్. దాని 5 మి.గ్రా. మాత్ర రోజుకొకటి వేసుకున్నా నెలకు వంద రూపాయలు దాటదు. మానేస్తే మిగిలేది ఆ వందే. మిగతా రెండు మందులూ కొనసాగాల్సిందే. పైగా స్టెరాయిడ్ తగ్గించే నెలల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), టాక్రోలిమస్ లెవెల్ పరీక్షలు తరచుగా చేయిస్తారు. కొన్నాళ్లు ఖర్చు పెరుగుతుందనే లెక్క వేసుకోండి.

మీ డాక్టర్ ఆలోచనకు కారణం ఉంది. స్టెరాయిడ్ వల్ల షుగర్ ఒక్కటే కాదు, ఎముకలు బలహీనపడతాయి, కళ్లలో శుక్లాలు వస్తాయి. మరోవైపు, ఆపితే రిజెక్షన్ భయం, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టే భయం ఉంది. మార్పిడి జరిగిన మొదటి వారం దాటాక కూడా వాడుతున్నవాళ్లు కొనసాగించడమే మేలని కిడ్నీ వైద్యంపై అంతర్జాతీయ సంస్థ కేడీఐజీఓ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలు సూచించాయి. ఏది ఎక్కువ ప్రమాదమో మీవారి రిపోర్టులు చూసి నెఫ్రాలజిస్టే (కిడ్నీ డాక్టరే) తేల్చాలి. అందులోకి డబ్బు లెక్క రానివ్వకండి. మీవారు సొంతంగా ఒక్క మాత్ర కూడా తగ్గించకూడదు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గిపోతుంది. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు.

ఇక ఎఫ్‌డీ. ఒకవేళ రిజెక్షన్ మొదలైతే ఆసుపత్రిలో చేర్చుకుని బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష) చేస్తారు. సాధారణంగా ముందు ఎక్కించేది పెద్ద డోసు స్టెరాయిడ్ ఇంజెక్షనే. దానికి లొంగకపోతే వాడే మందుల బిల్లు లక్షల్లోకి వెళ్తుంది. ఆఫీసు ఆరోగ్య బీమా పాలసీ ఉన్నా ముందు మీరే కట్టాల్సిన పరిస్థితి రావచ్చు. లోన్‌కు కట్టేసిన డబ్బు ఆ పూట చేతికి రాదు. అందుకే ఆ 5 లక్షలను లక్ష చొప్పున అయిదు ఎఫ్‌డీలుగా వేయండి. అవసరమైతే ఒకటి తీసినా మిగతావాటి వడ్డీకి ఢోకా ఉండదు. స్టెరాయిడ్ ఆపి ఏడాది గడిచి, క్రియాటినిన్ నిలకడగా ఉంటే అప్పుడు బోనస్ డబ్బు లోన్‌కు కట్టండి. అప్పటికీ ఎఫ్‌డీలు మాత్రం కదపకండి.

ఖర్చు తగ్గించుకునే దారులు వేరే ఉన్నాయి. బీపీ, గ్యాస్, కాల్షియం మాత్రలను డాక్టర్‌ను అడిగి జన్ ఔషధి కేంద్రంలోనో, తమిళనాడు ప్రభుత్వ చవక మందుల షాపు ముదల్వర్ మరుందగంలోనో కొనండి. టాక్రోలిమస్ విషయంలో మాత్రం డిస్కౌంట్ కోసం బ్రాండ్ మార్చవద్దు. రక్తంలో దాని మోతాదు కాస్త అటూ ఇటూ అయినా కిడ్నీకి ముప్పే. అదే బ్రాండ్ ఏ షాపులో తక్కువకు ఇస్తున్నారో కనుక్కోండి. మీవారు పాత పన్ను విధానంలో ఉంటే, ఆదాయపు పన్నులో (1961 చట్టంలో 80డీడీబీ సెక్షన్) కిడ్నీ వైఫల్యం చికిత్స ఖర్చుకు 40 వేల దాకా మినహాయింపు ఉంది. నెఫ్రాలజిస్టు ప్రిస్క్రిప్షన్, బిల్లులు దాచి ఆడిటర్‌కు చూపించండి. ఇన్సూరెన్స్ ఇచ్చిన డబ్బు అందులోంచి తీసేయాలి.

నాకు అసలు టెన్షన్ మీవారి ఉద్యోగం గురించే. ఆఫీసు పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. కంపెనీ మారాలనుకుంటే రాజీనామా ఇవ్వక ముందే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందా అని హెచ్‌ఆర్‌ను అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోమనండి. సంస్థ ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు కొత్త ఆఫీసు పాలసీలో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉందని తేలాకే కదలాలి.

మీ అత్తగారిని మరచిపోకండి. కిడ్నీ ఇచ్చినవాళ్లకు ఏటా బీపీ, క్రియాటినిన్, యూరిన్‌లో ప్రొటీన్ చూపించాలి. ఆ పరీక్షల డబ్బు కూడా నెల బడ్జెట్‌లోనే పక్కన పెట్టండి.